రైతుకి హాలిడే అంటే క్రాప్ హాలిడే ఒక్కటేనా?

ఈసారి పోస్టు ఎరువు గురించో, దోమ గురించో కాదు. కొంచెం పెద్దదే. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

మన గోదావరి జిల్లాల్లో రైతు నోట "హాలిడే" అన్న మాట గట్టిగా వినబడింది 2011లో. గిట్టుబాటు కావట్లేదని కోనసీమ రైతులు ఆ ఏడు సార్వా ఊడ్చకుండా వేల ఎకరాలు ఖాళీగా వదిలేసి, దానికి క్రాప్ హాలిడే అన్నారు. దేశమంతా మాట్లాడుకుంది. అంటే చూడండి, మన బతుకులో సెలవు అనేది నిరసనగా తప్ప రాలేదు. ఉద్యోగస్తుడికి ఆదివారం ఉంది. బడికి ఎండాకాలం సెలవులున్నాయి. మనకి ఉన్నవి రెండే: ఇంట్లో పెళ్ళి, ఊళ్ళో చావు. మా నాన్న ఎప్పుడూ ఆ మాటే అనేవాడు.

ఇంక మనం పట్నం వెళ్ళడం అంటే ఏంటి? పెద్దాసుపత్రికో, కోర్టు వాయిదాకో, పిల్లల కాలేజీ ఫీజు కట్టడానికో. పొద్దున్న వెళ్ళి రాత్రికి వచ్చేస్తాం. ఆ ఊళ్ళో ఏముందో మనకి తెలీదు, బస్టాండూ ఆస్పత్రీ తప్ప.

ఈ ఏడు దాళ్వా కోతలయ్యాక నేనూ మా ఆవిడా మూడు రోజులు విశాఖపట్నం వెళ్ళొచ్చాం. ఆస్పత్రికి కాదు, పెళ్ళికి కాదు. ఊరికే. "ఊరికే వెళ్ళారా?" అని మా ఊళ్ళో కనీసం పదిమంది అడిగారు. ఆ పదిమందికీ, మీకూ కలిపి ఇది రాస్తున్నాను.

వెళ్దామన్నది మా ఆవిడే. 27 ఏళ్ళు ఊడ్పుల్లో, కలుపుల్లో వంగి వంగి మోకాళ్ళు అరిగాయి. మెట్లు తగ్గించమ్మా అని డాక్టరు గారు చెప్పారు. ఇంటికొచ్చి ఆవిడ అన్న మాట: "కాళ్ళు ఆడుతున్నప్పుడే నాలుగు ఊళ్ళు చూడాలండీ. తర్వాత ఎలాగూ మంచం మీంచి టీవీలో చూడొచ్చు." ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మన ఊళ్ళల్లో యాభై దాటిన ఆడవాళ్ళని ఒక్కసారి నడిపించి చూడండి, ఎంతమంది తిన్నగా నడుస్తున్నారో. డబ్బు వచ్చే ఏడు కూడా రావచ్చు. మోకాళ్ళు రావు.

ఎప్పుడు వెళ్ళాలి అన్నది మొదటి ప్రశ్న. విశాఖ చూడ్డానికి మంచి రోజులు కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, చల్లగా ఉంటుంది అంటారు. అవి మనకి సార్వా కోతలూ, దాళ్వా నారుమళ్ళూ. కుదరదు. మనకి కుదిరేది ఒక్కటే, కాలవలు కట్టేసిన దగ్గర్నుంచి మళ్ళీ వదిలేదాకా. ధాన్యం తోలేశాం, మడిలో పిల్లిపెసర చల్లేశాం. ఎండ ఉంటుంది, ఉక్కపోత మన దగ్గర కంటే ఎక్కువే. కాబట్టి తొమ్మిది లోపు ఒకటి చూడ్డం, సాయంత్రం నాలుగు తర్వాత ఇంకోటి చూడ్డం, మధ్యలో గదిలో పడుకోవడం. మధ్యాహ్నం పడుకోవడమే సగం సెలవు అని మా ఆవిడ తేల్చింది.

రెండో ప్రశ్న గేదెలు. ఇదే అసలు ప్రశ్న. కొత్త చెయ్యి పడితే గేదె చేపదు కదా. అందుకని మా పక్కింటి తమ్ముడి భార్యని వెళ్ళే ముందు మూడు రోజులు రెండు పూటలా రమ్మన్నాం. మొదటి రోజు మా ఆవిడ పక్కన నిలబడితే ఆ అమ్మాయి తీసింది. రెండో రోజు మా ఆవిడ పాక బయట ఉంది. మూడో రోజు ఇంట్లోంచి రాలేదు. మా ఆవిడ కట్టి వదిలేసిన పాత చీర ఒకటి ఆ అమ్మాయికి ఇచ్చింది, అది చుట్టుకుని తీయమని. పనిచేసింది. మొదటి పూట ఒక లీటరు తగ్గిందంట, తర్వాత సర్దుకుంది.

తాడేపల్లిగూడెంలో పొద్దున్నే రత్నాచల్ ఎక్కాం. సుమారు 240 కిలోమీటర్లు, మధ్యాహ్నానికి విశాఖ. తుని దాటాక కిటికీ పక్కన కూర్చోండి. మన పల్లపు చేలు అయిపోయి మెరక భూములు, జీడిమామిడి, మామిడి, తాళ్ళు, వెనకాల కొండలు. అనకాపల్లి వస్తే బెల్లం గుర్తుకు రావాలి, దేశంలోనే పేరున్న బెల్లం మార్కెట్టు అది. చెరకు పరిశోధన కేంద్రం కూడా అక్కడే.

సాయంత్రం నేరుగా ఆర్కే బీచికి వెళ్ళాం. రామకృష్ణ మిషన్ ఆశ్రమం పక్కనే ఉండబట్టి ఆ పేరు. మా ఆవిడ సముద్రం చూసింది అంతర్వేది తీర్థంలో, జనం మధ్యలో, పిల్లాడు తప్పిపోతాడేమో అన్న కంగారులో. ఇక్కడ గంటన్నర ఇసకలో కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. నేను ధాన్యం డబ్బులు పడ్డాయో లేదో అని ఫోను తీస్తుంటే, "అది ఇంటికెళ్ళాక చూసుకుందురు గాని" అంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ముఖ్యంగా మన కుర్రాళ్ళకి. మనం కాలవల్లో, గోదాట్లో ఈత నేర్చినవాళ్ళం. ఆ ధైర్యం సముద్రంలో పనికిరాదు. కాలవ నీరు ఒకవైపే పోతుంది, ఎటు లాగుతుందో మనకి తెలుసు. సముద్రంలో కెరటం ఒడ్డుకి తోసిన నీరంతా వెనక్కి పోవాలి కదా, అది అక్కడక్కడ ఒక సన్నటి దారి చేసుకుని లోపలికి లాగేస్తుంది. పైకి చూస్తే ఆ చోటే కెరటాలు తక్కువగా, ప్రశాంతంగా కనబడుతుంది. దాంట్లో పడ్డవాడు ఒడ్డు వైపే ఎదురీదితే ఎంత గజ ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ లాగుడులోంచి బయటపడి, అప్పుడు ఒడ్డుకి తిరగాలి. ఆర్కే బీచిలో ఇలా పోయిన పిల్లల వార్తలు మీరూ చదివే ఉంటారు. అక్కడ పాదాలు తడుపుకోండి, చాలు. దిగాలని ఉంటే ఋషికొండ వెళ్ళండి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్ అది, కాపలా ఉండే గజ ఈతగాళ్ళు ఉంటారు, వాళ్ళు చెప్పిన హద్దు దాటకండి. మందు తాగి మాత్రం ఎక్కడా దిగొద్దు.

బీచి రోడ్డు మీదే కురుసుర జలాంతర్గామి ఉంది. రష్యా వాళ్ళు కట్టింది, 1969లో మన నేవీలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో రిటైరైంది. 2002లో ఒడ్డుకి లాక్కొచ్చి మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడవు. లోపలికి వెళ్తే మాత్రం మన ట్రాక్టర్ షెడ్డే నయం అనిపిస్తుంది, అంత ఇరుకు. ఆ ఇరుకులోనే డెబ్బైమందికి పైగా మనుషులు, వాళ్ళ మంచాల పక్కనే టార్పెడోలు. వారాల తరబడి ఎండ పొడ లేకుండా ఉండేవాళ్ళు. మన కష్టమే కష్టం అనుకునేవాళ్ళు ఓసారి అందులో అటు నుంచి ఇటు నడిచి రండి. ఆ యుద్ధంలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ ఊరి ముందే మునిగింది, ఇప్పటికీ నీళ్ళ కింద అక్కడే ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఒక సంగతి: లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి వంగి, కాలెత్తి దాటాలి. మా ఆవిడ రెండు దాటి, చాలు అంది. ఎదురుగా రోడ్డుకి అటుపక్క టీయూ 142 విమానం మ్యూజియం ఉంది, అది చూడ్డం తేలిక. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో కూడా వేళలు కనుక్కుని వెళ్ళండి.

రెండో రోజు తెల్లవారకుండానే సింహాచలం. కొండ పైదాకా బస్సు ఉంది, మెట్లెక్కక్కర్లేదు. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపం. ఆ రోజు మనలాంటివాళ్ళం వెళ్ళి నిలబడలేం, అంత జనం. మేం అది అయిపోయాక వెళ్ళాం, నెమ్మదిగా దర్శనం అయ్యింది. కృష్ణదేవరాయలు వేయించిన శాసనం కూడా ఉంది ఆ గుళ్ళో. గుడి చూశాక కొండని చూడండి. ఆ వాలు మీద అనాస, పనస, సంపెంగ. సింహాచలం సంపెంగ అంటే ఉత్తరాంధ్రలో ఒక పేరు. నీరు కట్టే పని లేదు, వాన మీదే, చెట్ల నీడలో. మనకి చదును మడి ఉంటేగానీ వ్యవసాయం అనిపించదు. వాళ్ళు కొండ వాలునే పొలం చేసుకున్నారు.

అక్కణ్ణుంచి ఫిషింగ్ హార్బర్‌కి. ఇది చూడమని మామూలుగా ఎవరూ చెప్పరు. నేను చెప్తున్నాను, రైతు తప్పకుండా చూడాల్సిన చోటు. మేం వెళ్ళేసరికి మరబోట్లన్నీ లైను కట్టి ఆగిపోయి ఉన్నాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని. ఇంజను లేని తెప్పలకి మాత్రం అడ్డు లేదు, వాళ్ళు తెచ్చిన కవళ్ళు గట్టు మీద బుట్టల్లో అమ్ముతున్నారు. మిగతావాళ్ళు వలలు అల్లుకుంటున్నారు, బోట్లకి రంగులు వేస్తున్నారు, ఇంజన్లు విప్పి పెట్టారు. అచ్చం మనం ఎండాకాలంలో ట్రాక్టరు షెడ్డుకి తోలినట్టే.

వల కుడుతున్న ఒక పెద్దాయన్ని పలకరించాను. ఏ ఊరు బాబూ మీది అన్నాడు. చెప్పాను. వ్యవసాయం అనగానే పక్కన చోటు చూపించి కూర్చోమన్నాడు. మీ ధాన్యానికి రేటు ఎవరు కడతారు అని అడిగాడు. నేను చెప్పేలోపే ఆయనే నవ్వి, "మాకూ అంతే బాబూ. ప్రాణం మాది, పాట ఆళ్ళది" అన్నాడు. మామూలు రోజుల్లో తెల్లారుజామున బోట్లు ఒడ్డుకి వస్తే వేలంపాట జరుగుతుందంట. సరుకు నిలవ ఉండదు, ఐసు కరిగిపోతుంది, అడిగిన రేటుకి ఇచ్చెయ్యాలి. తడిసిన ధాన్యం రోడ్డు మీద పోసుకుని నిలబడ్డవాళ్ళకి ఇది వేరే వివరించక్కర్లేదు.

ఈ రెండు నెలలూ ఖాళీగా ఉంటే బాధగా లేదా అని అడిగాను. ప్రభుత్వం ఇచ్చే భృతి సరిపోదు అన్నాడు, అప్పులు తప్పవు అన్నాడు. కాసేపాగి ఇంకో మాట అన్నాడు. "సముద్రం ఇప్పుడు పురిటి మంచం మీద ఉంటాది బాబూ. పురిటాల్ని లేపకూడదు కదా."

మిత్రులారా, ఆ మాట నన్ను పట్టుకుంది. మనం ఏం చేస్తున్నాం? దాళ్వా అయ్యాక మడిలో పిల్లిపెసర, జనుము, జీలుగ చల్లుతున్నాం. ఎందుకు? భూమి ఊపిరి పీల్చుకోవాలి, సత్తువ పుంజుకోవాలి. ఈనిన గేదెకి ఎన్నాళ్ళు ఏం పెట్టాలో మనకి తెలుసు, చూడి గేదెని ఎప్పుడు వట్టిపోనివ్వాలో తెలుసు. సముద్రానికి చట్టం పెట్టి మరీ 61 రోజులు విరామం ఇచ్చారు. భూమికి విరామం, పశువుకి విరామం, సముద్రానికి విరామం. వీటన్నిటినీ చూసుకునే మనిషికి లేదు. మనింట్లో ఆడమనిషికి అసలే లేదు, ఆవిడ పొలం నుంచి వచ్చాక కూడా పొయ్యి దగ్గరే ఉంటుంది.

సాయంత్రం రాస్ హిల్ ఎక్కాం. ఆటో పైదాకా వెళ్తుంది. పోర్టు మొగ దగ్గర పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. పోర్టు లోపలికి మనల్ని రానివ్వరు గానీ, ఈ కొండ మీంచి చూస్తే ఓడలు వచ్చే దారి మొత్తం కనబడుతుంది. ఎదురుగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన యారాడ కొండ, దాన్నే డాల్ఫిన్స్ నోస్ అంటారు, పైన లైట్‌హౌస్. తుఫాను గాలి నుంచి ఓడలకి ఆ కొండే అడ్డు.

ఈ పోర్టు 1933లో మొదలైంది. అంతకు ముందు అక్కడ ఉన్నది ఉప్పుటేరూ, బురద నేలా. దాన్ని తవ్వి తవ్వి ఓడలు తిరిగే లోతు చేశారు. ఇసక కొట్టుకురాకుండా రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్ట వేశారు. ఇప్పటికీ పూడిక తీస్తూనే ఉంటారు. తీసిన ఇసకని ఆర్కే బీచి వైపు పోస్తారు, ఎందుకంటే దక్షిణం నుంచి ఒడ్డు వెంబడే రావాల్సిన ఇసక పోర్టు దగ్గర ఆగిపోతుంది, అక్కడ బీచి కోసుకుపోతుంది. ఎగువన అడ్డు వేస్తే దిగువన కోత. కాలవ గట్టు మీద బతికేవాళ్ళం, మనకి ఇది వెంటనే అర్థమవుతుంది.

అక్కడ నిలబడి ఉండగానే ఒక పెద్ద ఓడ నెమ్మదిగా లోపలికి వచ్చింది. దాంట్లో ఏముందో నాకు తెలీదు. కానీ ఈ పోర్టులో దిగేవాటిల్లో మన ఎరువు కూడా ఉంది. మనం వేసే పొటాష్ ఈ దేశంలో తవ్వింది కాదు, ఎర్ర పొటాష్ మొత్తం ఓడలోనే రావాలి. డీఏపీ చాలావరకు తయారుగానైనా వస్తుంది, లేదా దానికి కావాల్సిన రాక్ ఫాస్ఫేటూ, ఫాస్ఫారిక్ యాసిడూ బయట దేశాల నుంచి వస్తాయి. గ్రోమోర్ వాళ్ళ ఎరువుల ఫ్యాక్టరీ 1967లో ఈ ఊళ్ళో పెట్టింది అందుకే, పోర్టు పక్కన ఉంది కాబట్టి. 50 కేజీల డీఏపీ బస్తా మనకి 1350 రూపాయలకి, 45 కేజీల యూరియా 266.50కి వస్తోందంటే మిగతాది సబ్సిడీ. ఎక్కడో యుద్ధమొచ్చి ఓడ ఆగితే మన సొసైటీ ముందు క్యూ మొదలవుతుంది. మన చెరువుల్లో పెరిగిన రొయ్య ఇదే పోర్టు నుంచి ఐసు కంటెయినర్లో అమెరికా దాకా వెళ్తుంది. అక్కడ సుంకం పెంచితే ఇక్కడ గట్టు మీద కౌంటు రేటు పడిపోతుంది. మన బియ్యం ఓడ ఎక్కేది ఎక్కువగా కాకినాడలో, అదొక్కటే తేడా. నా చేలో పడ్డ పిడికెడు ఎరువు ఈ సన్నటి దారిలోంచి వచ్చింది అని కళ్ళతో చూడ్డం వేరే. పేపర్లో చదివితే అది రాదు.

మూడో రోజు భీమిలి రోడ్డు. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు. కైలాసగిరికి రోప్‌వే ఉంది, పైన పెద్ద శివపార్వతుల విగ్రహాలు, కింద ఊరూ సముద్రం వంపూ మొత్తం కనబడుతుంది. అందరూ వెళ్ళేదే, మీరూ వెళ్ళండి. నేను ఎక్కువ చెప్పాల్సింది తొట్లకొండ గురించి.

రెండువేల ఏళ్ళ కిందటి బౌద్ధ విహారం అది. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు చేశారు. రోమన్ నాణేలు కూడా దొరికాయి. అంటే అప్పటికే ఈ తీరానికి ఓడలొచ్చేవి. కొండ మీద నది లేదు, చెరువు లేదు. సన్యాసులు వానాకాలం మూణ్ణెల్లు తిరగకుండా ఒకచోటే ఉండేవాళ్ళు. మరి నీళ్ళు? రాతిలో తొట్లు తొలిచారు. వాన పడితే బండ మీద పడ్డ నీరు వాటిల్లోకి చేరేలా. అందుకే అది తొట్లకొండ. దగ్గర్లో ఇంకో కొండ బావికొండ, దానిదీ అదే కథ. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ తొట్లు అలాగే ఉన్నాయి. మనం నీటి గుంటలు తవ్వుకుని మూడేళ్ళకి పూడ్చేసుకుంటున్నాం. ఇంకో మాట, ఆ సన్యాసులు కూడా ఏడాదిలో మూణ్ణెల్లు నడక ఆపేవాళ్ళు. విరామం అనేది బద్ధకస్తుల మాట కాదన్నమాట.

ఇంకొంచెం ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళ పాటు గాలీ నీరూ పోగేసిన ఇసక, అందులోని ఇనుము తుప్పు పట్టినట్టు ఎర్రబడి గట్టిపడింది. 2014లో దేశ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. వాన కోసిన గాడులు మనిషి మునిగేంత లోతు. ఒక్క మొక్క లేని చోట వాన మట్టిని ఎలా పట్టుకుపోతుందో చూడాలంటే ఇంతకన్నా మంచి పాఠం లేదు. జీడిమామిడి వేళ్ళున్న చోట గట్టు నిలబడింది, లేని చోట కోసుకుపోయింది. పైకి ఎక్కి తొక్కకండి, కింద నుంచి చూడండి. మట్టి విలువ మనకి వేరేవాళ్ళు చెప్పాలా?

భీమిలి చివర గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. పాత డచ్చి వాళ్ళ సమాధులున్నాయి. అక్కడ తాటి ముంజలు తిన్నాం. బీచిలో మాత్రం ఒక్క మొక్కజొన్న పొత్తు, కాల్చి ఉప్పూ కారం నిమ్మకాయ రాసింది, 40 రూపాయలు. కొబ్బరి బోండాం 50. మా ఆవిడ పొత్తు పట్టుకుని నావైపు చూసి నవ్వింది. ఆ రేటులో పండించినవాడికి ఎంత చేరుతుందో మా ఇద్దరికీ తెలుసు. కానీ ఆ ఎండలో బొగ్గుల ముందు కూర్చున్న మనిషిని చూశాక బేరం ఆడబుద్ధి కాలేదు.

తిరిగొచ్చే ముందు ఎంవీపీ కాలనీ రైతు బజారుకి వెళ్ళాం. సెలవుకొచ్చి కూడా కూరగాయల బజారా అని ఆటో అతను నవ్వాడు. రేట్ల బోర్డు చూడకుండా నేను ఎలా వెళ్ళను? 1999లో రైతు బజార్లు మొదలైనప్పుడు మనం ఎంత ఆశపడ్డామో గుర్తుందా? ఇక్కడ ఒకటి నిండుగా నడుస్తుంటే చూసి సంతోషం వేసింది. ఊరికి పట్టుకెళ్ళడానికి మాడుగుల హల్వా కొన్నాం.

అరకు వెళ్ళలేదు. బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, ఆవిడకి కుదరదు. మీరు వెళ్తే పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు ఎక్కండి, దారి పొడుగునా సొరంగాలే. ఆ లైను వేసింది మనల్ని తిప్పడానికి కాదు, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని ఈ పోర్టుకి దింపి జపాను పంపడానికి. ఒక రోజు మొత్తం దానికే పెట్టుకోవాలి.

ఖర్చు చెప్పకపోతే మీరు ఊరుకోరు. రైలు, గది, తిండి, ఆటోలు, టికెట్లు, హల్వా అన్నీ కలిపి ఇద్దరికీ తొమ్మిదివేల చిల్లర. బీచికి ఎదురుగా కాకుండా రైల్వే స్టేషను దగ్గర గది తీసుకున్నాం, సగానికి వచ్చింది. తొమ్మిదివేలంటే ఆరు బస్తాల డీఏపీకి పైగా. తక్కువేం కాదు. కౌలు రైతుకి ఇంకా బరువు, ఆ సంగతి నాకు తెలుసు. అలాంటివాళ్ళకి మూడు రోజులు అక్కర్లేదు. పేరుపాలెం బీచికి పొద్దున్న వెళ్ళి సాయంత్రం రండి, అన్నం కట్టుకుని వెళ్ళండి. ఊరు ముఖ్యం కాదు. ఆ రోజు పొయ్యి వెలగకూడదు, గడ్డి కొయ్యకూడదు, అంతే.

ఇక అసలు మాట. డబ్బు కంటే మనల్ని ఆపుతున్నది గేదెలూ, నీటి వంతూ. పూర్వం ఊడ్పులకి ఒకళ్ళ చేలోకి ఒకళ్ళం బదులు వెళ్ళేవాళ్ళం, కూలి డబ్బు లేకుండా. ఇవాళ నేను నీకు, రేపు నువ్వు నాకు. మెషిన్లు వచ్చాక ఆ బదులు పోయింది. దాన్ని సెలవుకి తిరిగి తెచ్చుకుందాం. వీధిలో మూడు ఇళ్ళు కలిస్తే చాలు. ఒక ఇల్లు ఊరెళ్తే రెండు ఇళ్ళు పశువుల్ని చూస్తాయి. ముందు మూడు రోజులు చెయ్యి మరపడం మర్చిపోకండి. పాల కేంద్రంలో పేరు మార్చక్కర్లేదు, పాలు ఎవరివి వాళ్ళవే.

మా వీధిలో ఇది మొదలైపోయింది. మా గేదెల్ని చూసిన తమ్ముడూ, అతని భార్యా, పిల్లలూ ఈ శుక్రవారం రత్నాచల్ ఎక్కుతున్నారు. కురుసుర సోమవారం ఉండదని మా ఆవిడే వాళ్ళకి చెప్పింది. వాళ్ళవి మూడు గేదెలు, అందులో ఒకటి తంతుంది. నిన్నటి నుంచి నేనే తీస్తున్నాను, ఆ తమ్ముడి లుంగీ కట్టుకుని.